క్వొన్సా పిల్‌సూన్ సాక్ష్యం

యజమాని కూ పెద్దగారు ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులోకి వచ్చి రేడియో కట్టేసేసరికి ముప్ఫై కత్తులూ ఒక్కసారి ఆగిపోయాయి. ఆల్చిప్పల కాలంలో ఆ రేడియో నోరు మూయడం అరుదు. సముద్రంలో పడవేదైనా తిరగబడితేనో, ఊళ్ళో ఎవరైనా పోతేనో మూస్తారు. అందుకే ఆడవాళ్ళంతా రబ్బరు ఏప్రాన్లకి చేతులు తుడుచుకుంటూ తలలెత్తారు.

"ఎవరూ పోలేదు," అన్నాడాయన. "సియోల్‌లో ఒకాయన పన్ను పోయింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. జేబులోంచి చిన్న కవరు తీశాడు.

"మన ఆల్చిప్పలు వేసి వండిన అన్నం తింటూ చిప్ప ముక్క కొరికాడట. హోటలు వాళ్ళు సంచీ నంబరు రాసి మరీ ముక్కని పంపించారు. మూడో బల్లది."

మూడో బల్ల దగ్గర ఉండేది ఇద్దరే. ఒక వైపు పిల్‌సూన్, ఎదురుగా చంథూ.

పిల్‌సూన్‌కి అరవై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో అందరూ క్వొన్సా గారూ అంటారు. ప్రార్థనకీ పరామర్శకీ ముందు నిలబడే పెద్దావిడకి సంఘం ఇచ్చే పిలుపు అది. ఆ సముద్రపు ఒడ్డున ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడ గంజి గిన్నె వెళుతుంది, వెనకే ఆవిడ బైబిలు వెళుతుంది. చంథూ కంబోడియా పిల్ల. ముప్ఫై లోపే ఉంటుంది. చలికాలం పనికని ఐదు నెలల అనుమతి మీద వచ్చింది. వచ్చిన మొదటి ఆదివారమే పిల్‌సూన్ ఆమెను మందిరానికి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రసంగం ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. అయినా పాటలప్పుడు అందరితో పాటు లేచి పెదవులు కదిపేది.

"చూడండి క్వొన్సా గారూ," అని కూ పెద్దగారు ముక్కని ఆమె అరచేతిలో పెట్టాడు.

పిల్‌సూన్ చూడలేదు. చేతి తొడుగు లాగేసి బొటనవేలితో తడిమింది. గోరంత ముక్క. ఒక అంచున దువ్వెన పళ్ళలా సన్నటి గాట్లు. అది చిప్ప కీలు దగ్గర విరిగిన ముక్క. షెడ్డులో అందరూ చిప్పని పక్కనుంచి పొడిచి, కత్తి తిప్పి తెరుస్తారు. కీలు వైపునుంచి పొడిచేది పిల్‌సూన్ ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నేర్పిన పద్ధతి అది. అలా విప్పితే లోపలి కండ చిరగదు. కాకపోతే కీలు దగ్గర ముక్క రాలితే కంటితో చూసి తీసెయ్యాలి.

కన్ను ఏదీ? చలి మొదలైన దగ్గరనుంచి ఆమెకి అద్దం మీద ఆవిరి పట్టినట్టు కనిపిస్తోంది లోకం. పట్టణంలో డాక్టరు రెండు కళ్ళకీ పొర కమ్మిందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పాడు. పనుల కాలం అయ్యాక చూద్దాం అని వచ్చేసింది. ఎవరితోనూ అనలేదు. చూపు ఆననిదాని చేతికి కత్తి ఎవరిస్తారు?

ముక్క అరచేతిలో చల్లగా ఉంది. తనదేనని ఆమెకి ఆ క్షణానే తెలిసింది.

"నేనొక మాట చెప్పనా?" అంది రెండో బల్ల దగ్గరనుంచి బోక్‌హీ. ఆవిడ ఆదివారం పాటలకి రాదు గాని పాటల తర్వాత వడ్డించే పులుసుకి తప్పకుండా వస్తుంది. "ఈ పిల్ల చెయ్యి అస్తమానం క్వొన్సా గారి బకెట్లోనే ఉంటుంది. నా కళ్ళతో చూశాను. ఒకసారి కాదు, పదిసార్లు. తన తూకం పెంచుకోడానికి తీసుకుంటోందో, తన చెత్త ఈవిడ బకెట్లో పారేస్తోందో, ఆ దేవుడికే తెలియాలి. మీ దేవుడికి."

షెడ్డంతా గుసగుసలు లేచాయి. కూ పెద్దగారు చెయ్యెత్తి ఆపాడు.

"క్వొన్సా గారూ, మీరూ చూశారా?"

చూసింది. రెండుసార్లు. మసకలో ఒక చెయ్యి తన బకెట్లోకి వంగి, తిరిగి పైకి లేవడం. ఎందుకని అడగలేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్న మొహం కేసి చూసింది. కళ్ళూ ముక్కూ విడివిడిగా ఆనలేదు గాని, ఆ మొహం తనవైపే తిరిగి ఉందని తెలుస్తోంది. భయపడుతున్నట్టు లేదు. తను ఏం చెబుతుందా అని ఎదురు చూస్తున్నట్టుంది.

"నా బకెట్లో ఆ పిల్ల చెయ్యి ఉండగా చూశాను," అంది పిల్‌సూన్. "రెండుసార్లు."

"నేను... చిప్ప..." అని చంథూ బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి చేర్చి గాల్లో దేన్నో పట్టుకున్నట్టు చూపించబోయింది. పిల్‌సూన్ మొహంలోకి ఒకసారి చూసి, ఆ చెయ్యి దించేసింది.

"చాలు," అన్నాడు పెద్దగారు, మెత్తగానే. "సామాను సర్దుకో. నిన్ను పంపిన ఏజెన్సీ వాళ్ళకి ఫోను చేస్తాను."

ఆ పిల్ల ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. గొట్టం కింద కత్తి కడిగి, పిడి బయటికి ఉండేలా బల్ల అంచున పెట్టింది. ఏప్రాన్ విప్పి నీళ్ళు దులిపి మేకుకి తగిలించింది. తొడుగులు రెండూ తిరగేసి ఒకదాని మీద ఒకటి పెట్టి, పిల్‌సూన్‌కి నడుం వంచి నమస్కారం చేసి వెళ్ళిపోయింది.

రేడియో మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అలవాటు ప్రకారం పిల్‌సూన్‌నే ప్రార్థన చెయ్యమన్నారు. చేసింది. చివర్లో, "వెళ్ళిపోయిన ఆ బిడ్డకి తోడుండు తండ్రీ," అని కూడా చేర్చింది. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు. ఎంత మంచి మనసు క్వొన్సా గారిది అనుకున్నారు.

బుధవారం తెల్లవారుజాము ప్రార్థనలో హన్ పాస్టరుగారు పది ఆజ్ఞలు చదివాడు. ఆయన ఆ నెలంతా వరసగా ఆ పుస్తకమే చదువుతున్నాడు, ఎవరినీ ఉద్దేశించి కాదు. పొరుగువాడి మీద తప్పుడు సాక్ష్యం పలకొద్దన్న మాట వచ్చేసరికి పిల్‌సూన్ కింద పరిచిన దిండు మీద కాస్త కదిలి కూర్చుంది.

నేను తప్పుడు సాక్ష్యం చెప్పలేదే, అనుకుంది. చూసిందే చెప్పాను. రెండుసార్లంటే రెండుసార్లే. బోక్‌హీలా పదిసార్లని ఎక్కువ చెయ్యలేదు.

తర్వాత దీపాలు తగ్గించారు. ఎవరి మొర వాళ్ళు పైకి చెప్పుకునే వేళ అది. చుట్టూ పదిహేను గొంతులు ఒక్కసారి లేచాయి. ఒకావిడ కొడుకు ఉద్యోగం కోసం నేల చరుస్తోంది. పిల్‌సూన్ గొంతు ఆ మందిరంలో అందరి గొంతులకంటే పైన వినిపించేది. ఆ రోజు "తండ్రీ" అని, ఆగిపోయింది. మళ్ళీ "తండ్రీ" అంది. అంతకు మించి రాలేదు.

షెడ్డులో మూడో బల్ల దగ్గర ఒక్కతే నిలబడింది. ఎదుటి వైపు ఖాళీ. చిప్ప తీసి, కీలు వెతికి, కత్తి దూర్చి, మణికట్టు తిప్పి, కండని బకెట్లోకి జారవిడిచి, ఖాళీ చిప్పని కాళ్ళ దగ్గరున్న బెల్టు మీదకి విసిరింది. మళ్ళీ చిప్ప తీసింది. ఇందులో కంటితో పని ఎంత తక్కువో ఆమెకే ఆశ్చర్యం. వేళ్ళకి అన్నీ తెలుసు. తెలియనిదల్లా బకెట్లో ఏం పడుతోందన్నదే.

పదిగంటల కాఫీ వేళ పెద్దగారి భార్య యొంగ్‌సుక్ వచ్చింది. ఒలిచినవన్నీ ఉప్పునీళ్ళలో జాడించి సంచుల్లో నింపే పని ఆవిడది. చుట్టూ చూసి, కాగితం కప్పు పిల్‌సూన్‌కి అందిస్తూ, రెండో చెయ్యి విప్పి చూపించింది.

"క్వొన్సా గారూ, ఏమీ అనుకోకండి. పొద్దుట్నుంచీ మీ బకెట్లలో ఇవి వచ్చాయి."

పిల్‌సూన్ వేలితో కదిపింది. ఒకటి కాదు, రెండు కాదు. అరచెయ్యి నిండా ముక్కలు.

"ఇదివరకు ఇన్ని ఉండేవా?" అని అడిగింది.

"ఇదివరకా? అప్పుడొకటీ ఇప్పుడొకటీ. ఇవాళే ఇలా..." అని యొంగ్‌సుక్ మధ్యలో ఆగింది. ఆవిడ చూపు బల్లకి ఎదుటి వైపున్న ఖాళీ చోటు మీద పడింది. ముక్కల్ని చెత్తడబ్బాలో వేసి వెళ్ళిపోయింది.

పిల్‌సూన్ కాఫీ తాగలేదు. బకెట్లోకి చెయ్యి పెట్టింది. కండల మధ్య వేళ్ళు నెమ్మదిగా నడిపింది. ఒక ముక్క దొరికింది. అడుగున ఇంకొకటి. ఆ పిల్ల గాల్లో రెండు వేళ్ళు దగ్గరకి చేర్చి చూపించబోయింది దీన్నే.

బకెట్ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఏమైంది క్వొన్సా గారూ? కళ్ళు తిరిగాయా?" అని అరిచింది బోక్‌హీ.

"లేదమ్మా. తిరగలేదు."

భోజనాల వేళ కూ పెద్దగారి గదికి వెళ్ళింది. లోపల పొయ్యి మండుతోంది. గోడ మీది క్యాలెండరులో కింద ఒక వాక్యం, పైన గొర్రెపిల్ల బొమ్మ. పిల్‌సూన్ కూర్చోకుండానే చెప్పింది.

"ఆ ముక్క నాది పెద్దగారూ. ఆ పిల్ల నా బకెట్లోంచి ముక్కలు ఏరేది. తీసుకోవడం కాదు, ఏరడం."

ఆయన బల్ల మీద కాగితాలు సర్దాడు. తలుపు మూసి ఉందో లేదో చూశాడు.

"కూర్చోండి. ఏరే సంగతి నాకు తెలీదు. ముక్క మీదేనని మాత్రం తెలుసు," అన్నాడు. "ఈ షెడ్డులో కీలు వైపునుంచి విప్పేది మీరొక్కరే. మా అమ్మ కూడా అలాగే విప్పేది."

"తెలిసే పంపించేశారా?"

"మరేం చెయ్యమంటారు? హోటలు వాడికి ఒక మాట చెప్పాలి. పనిమనిషిని తీసేశాం అంటే ఊరుకున్నాడు. మా క్వొన్సా గారికి కళ్ళు కనబడవు అని చెప్పనా? రేపు షెడ్డు పేరేం కావాలి, సంఘం పేరేం కావాలి? మీరు మా మందిరానికి తల్లిలాంటి వాళ్ళు. ఆ పిల్ల ఎలాగూ రెండు నెలల్లో వెళ్ళిపోయేదే."

"ఏజెన్సీకి పంపే కాగితంలో ఆమె గురించి ఏం రాశారు?"

ఆయన కాగితాల కట్ట సొరుగులోకి తోశాడు. "ఏదో ఒకటి రాయాలి కదా. చేతివాటం ఉందని రాశాను. వచ్చే కాలానికి మిమ్మల్ని జాడించే పనిలో పెడతాను, కూర్చుని చెయ్యొచ్చు. ఇంక ఇది పెద్దది చెయ్యకండి. ఆ బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం."

కళ్ళు మూసుకున్నాడు. పిల్‌సూన్ మూసుకోలేదు. నిన్న అన్నాల దగ్గర తను చేసింది కూడా సరిగ్గా ఇలాంటి ప్రార్థనే. ఆయన ఇంకా తండ్రీ అంటుండగానే తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది.

గురువారం పనికి రానని కబురంపి పట్టణానికి బస్సెక్కింది. ఏజెన్సీ వాళ్ళ బస చేపల బజారు వెనక, మూతపడ్డ స్నానాలశాల పై అంతస్తులో ఉంది. మెట్లకి దీపం లేదు. పిల్‌సూన్ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ ఎక్కుతుంటే పైనుంచి ఎవరో గబగబా దిగి వచ్చి మోచెయ్యి పట్టుకున్నారు.

"పెద్దమ్మా! ఒక్కరే వచ్చారా? ఇక్కడ మెట్టు పగిలింది. కాలు ఇటు."

చంథూ ఆమెను గదిలోకి నడిపించి, వెచ్చగా ఉన్న చోటు చూసి నేలమీద కూర్చోబెట్టింది. గదిలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు గోడకి ఆనుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. మూలన కరెంటు కుండలో అన్నం ఉడుకుతోంది. కట్టిన పెట్టె గుమ్మం పక్కనే ఉంది.

"ఎప్పుడు ప్రయాణం?"

"శనివారం. విమానం."

పిల్‌సూన్ బస్సులో కూడగట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"నా బకెట్లో ముక్కలు ఏరేదానివి కదూ?"

చంథూ తల వంచింది, తప్పు చేసి దొరికిపోయినట్టు. "అవును. కోపమా?"

"ఎప్పట్నుంచి?"

"చలి మొదలు. ఒక రోజు పెద్దమ్మ కాఫీ కప్పు ఇక్కడ ఉంది, చెయ్యి అక్కడ వెతికింది. నాకు తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదే?"

ఆ పిల్ల మాటల కోసం వెతుక్కుంది. "మా అమ్మ బియ్యం ఏరుతుంది. రాళ్ళు కనబడవు. అమ్మ లేచాక నేను మళ్ళీ ఏరతాను. అమ్మకి చెప్పను. చెప్తే అమ్మ ఇంక చేట ముట్టుకోదు. ఊరికే కూర్చుంటుంది."

"మరి ఆ రోజు పెద్దగారికైనా చెప్పొచ్చు కదా?"

"చెప్తే మీ కత్తి తీసుకుంటాడు." చంథూ నేల మీద వేలితో గీతలు గీస్తూ అంది. "ఇంకా... పెద్దమ్మ చెప్తుంది అనుకున్నాను. నన్ను అడగలేదు, మిమ్మల్ని అడిగాడు. సరే, పెద్దమ్మ ఉంది కదా అనుకున్నాను."

కుండ మూత ఆవిరికి టకటకమని కొట్టుకుంది. గోడ దగ్గర అమ్మాయి లేచి దాని స్విచ్చి నొక్కి వచ్చింది.

"నన్ను క్షమించవే తల్లీ," అంది పిల్‌సూన్.

చంథూ కనుబొమలు ముడిచింది. "ఆ మాట పాటలో వస్తుంది. ఆదివారం పాటలో. కదా? అంటే ఏంటి?"

అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆ మాటకి అర్థం చెప్పాల్సిన అవసరం పిల్‌సూన్‌కి ఎప్పుడూ రాలేదు. ఎవరికి అన్యాయం చేసిందో ఆ మనిషికే ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది.

"అంటే... ఒకళ్ళు నీకు చెడు చేశారనుకో. నీకు కోపం ఉంటుంది. ఉండాలి కూడా. దాన్ని నువ్వు ఇంక వదిలెయ్యడం. ఆ చెడు చేసినవాళ్ళని మళ్ళీ మనిషిలా చూడడం."

"చెడు చేసింది పెద్దమ్మ. వదిలెయ్యాల్సింది నేను."

"అవును."

చంథూ లేచి గుమ్మం పక్కనున్న పెట్టె విప్పింది. అందులోంచి మడతపెట్టిన కాగితం నకలు తీసి పరిచి, ఒక గీత మీద వేలు పెట్టింది. "ఇది చదివి చెప్పారు నాకు. చెయ్యి మంచిది కాదు అని ఉంది. ఇది ఉంటే మళ్ళీ ఎవ్వరూ పిలవరు. మా ఊళ్ళో ఆఫీసుకి కూడా వెళ్తుంది. మా అమ్మ చూస్తుంది." ఆమె కాగితాన్ని పిల్‌సూన్ చేతిలో పెట్టింది. "ఇప్పుడు కాదు పెద్దమ్మా. ఇది మారాక."

"సరే," అంది పిల్‌సూన్. "అదే న్యాయం."

చంథూ ఆమెను భోంచెయ్యకుండా వెళ్ళనివ్వలేదు. అన్నం మీద వేయించిన గుడ్డు వేసి, దాని మీద కాస్త చేపల రసం చిలకరించి పెట్టింది. పిల్‌సూన్ తినే ముందు అలవాటుగా చేతులు జోడించింది. గదిలో ముగ్గురమ్మాయిలూ ఆమె ఏదో అంటుందని ఆగారు. ఏమీ అనలేక చేతులు విడదీసి చెంచా అందుకుంది. బస్సు దాకా చంథూయే నడిపించుకెళ్ళింది.

ఆదివారం ఆరాధనలో సంఘం తరఫున ప్రార్థన చెయ్యడం ఆమె వంతు. రెండు వారాల కిందటే ఆ వంతు పడింది. అలాంటి ప్రార్థన ముందుగా రాసుకుని వచ్చి చదవడం అక్కడ ఆనవాయితీ. పిల్‌సూన్ ఏ ప్రార్థనా రాసుకోకుండానే లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. ఎనభై తలలు వంగాయి.

"ఇవాళ కళ్ళు మూసుకోకండి," అంది. "తెరిచే ఉంచండి. నేను మీకు కనబడాలి."

తలలు ఒక్కొక్కటిగా లేచాయి. ముందు వరసలో కూ పెద్దగారి తల కూడా.

ఆమె చెప్పింది. తన కళ్ళకి పొర వచ్చిందని చెప్పింది. ముక్కలు తన బకెట్లోవేనని, ఆ కంబోడియా పిల్ల వాటిని ఏరి తనను కాపాడిందని, తను సాక్ష్యం చెప్పి ఆ పిల్లని పంపించేసిందని చెప్పింది. నిన్న ఆ పిల్ల విమానం ఎక్కేసిందని చెప్పింది. పిడికిట్లోని కాగితం పైకెత్తి, "ఇది మారాలి," అంది. "తండ్రీ, నన్ను క్షమించు" అనబోయి, ఆ మాట దగ్గర నోరు ఆగి, వట్టి ఆమేన్‌తో దిగిపోయింది.

ఆమేన్లు వెల్లువలా వచ్చాయి. చాలామంది ఏడ్చారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇలాంటి సాక్ష్యం తన సేవలో ఎన్నడూ వినలేదన్నాడు.

కింద హాల్లో సోయా పులుసు వడ్డించేటప్పుడు ఆమె బల్ల చుట్టూ జనమే జనం. ఒకరు కిమ్చి పచ్చడి తెచ్చి పెట్టారు, ఒకరు వీపు నిమిరారు.

"పాపం, ఎంత బాధ పడ్డారో క్వొన్సా గారూ."

"మా మావయ్యకీ అంతే. పొర పెరిగితే పక్కనున్న మనిషి కూడా ఆనడు."

"కనబడక జరిగినదానికి మీరేం చేస్తారు? దేవుడికి తెలియదా?"

కూ పెద్దగారు పులుసు గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన మొహంలో ఉపశమనం ఉంది. "తప్పు కళ్ళది, మీది కాదు," అన్నాడు అందరికీ వినబడేలా. "ఈ వారమే ఆపరేషన్ చేయించేద్దాం. సంఘమంతా ప్రార్థన చేస్తుంది. కాగితం సంగతి తర్వాత నెమ్మదిగా చూద్దాం."

పిల్‌సూన్ చెంచా పట్టుకునే కూర్చుంది. అక్కడ మైకు ముందు తను ఏం చెప్పిందో మళ్ళీ గుర్తు చేసుకుంది. కళ్ళ గురించి చెప్పింది. ముక్కల గురించి చెప్పింది. చెప్పవలసిన ఒక్కటీ ఎక్కడ దాచుకుందో, అది దాచుకున్నట్టు తనకే తెలియకుండా ఎలా దాచుకుందో అర్థమయ్యేసరికి చలి వేసింది. ఇంతమంది ఓదారుస్తున్నది ఆ దాచినదాన్నే.

చెంచా కింద పెట్టి లేచింది.

"నేను సగమే చెప్పాను," అంది. ఇప్పుడు మైకు లేదు, గొంతు పెద్దగా లేదు. అయినా పక్క బల్లలు ఊరుకున్నాయి. "కనబడక కాదు. ఆ రోజు ముక్క నా చేతిలో పెట్టగానే అది నాదని నాకు తెలుసు. పెద్దగారు అడిగేటప్పటికే తెలుసు. కళ్ళకి పొర ఉంది నిజమే. నా నాలికకి ఏ పొరా లేదు. తెలిసి చెప్పాను."

వీపు మీదున్న చెయ్యి ఎవరిదో మెల్లగా తొలగిపోయింది.

చివరి బల్ల దగ్గర బోక్‌హీ గిన్నె పక్కకి నెట్టింది. "చూశానని అరిచింది నేను. చెయ్యి లోపలికి పోవడమే చూశాను. ఏం తీసిందో చూడలేదు. చూడకుండానే అరిచాను." ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

ఎవరూ ఆమేన్ అనలేదు. గరిటె పట్టుకుని నిలబడ్డ యొంగ్‌సుక్ తన భర్త వైపు చూస్తోంది. బుధవారం అరచెయ్యి నిండా ముక్కలు చూసిన మనిషి ఆవిడ.

"మీక్కూడా తెలుసా?" అని అడిగింది.

కూ పెద్దగారు పులుసులోకి చూస్తూ కూర్చున్నాడు. చుట్టూ ఉన్న మొహాల్ని చూశాడు. చెయ్యి చాచి, "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి," అన్నాడు. మాట బొంగురుగా వచ్చింది.

సోమవారం ఆయనే ఏజెన్సీ ఆఫీసుకి వెళ్ళి పాతది రద్దు చేయించి కొత్తది రాసిచ్చాడు. ఆరోపణ తప్పని, పొరపాటు షెడ్డు యజమానిదని, మనిషి నమ్మకమైనదని. షెడ్డులో పిల్‌సూన్‌ని చూసి తల వంచి పక్కకి వెళ్ళిపోయాడు. ఆమె తన కత్తిని యొంగ్‌సుక్ చేతికిచ్చి వచ్చేసింది. జాడించే పనికి వస్తారా అని ఆవిడ అడగలేదు, వస్తానని ఈవిడా అనలేదు.

బోక్‌హీ ఆ కాగితాన్ని ఫొటో తీసి తన ఫోనులోంచి చంథూకి పంపింది. మర్నాడు మధ్యాహ్నం పిల్‌సూన్ బోక్‌హీ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"వచ్చిందా ఏమైనా?"

"చూసింది," అంది బోక్‌హీ ఫోను దూరంగా పట్టుకుని. "చూసినట్టు గుర్తు పడింది. ఏమీ రాయలేదు."

"ఏమీ?"

"ఏమీ లేదు. మీరు లోపలికి రండి, చలిగా ఉంది."

పిల్‌సూన్ లోపలికి వెళ్ళలేదు. మరునాడూ వచ్చింది, ఆ మరునాడూ వచ్చింది. నాలుగో రోజు బోక్‌హీ ఆమె అడగకముందే తల అడ్డంగా ఊపి, "ఇంకోసారి నేను రాయనా? పెద్దావిడ రోజూ వచ్చి అడుగుతోందని?" అంది.

"వద్దు," అంది పిల్‌సూన్. "ఆ పిల్లని తొందరపెట్టకు."

ఐదో రోజున ఆమె అడగడానికి వెళ్ళలేదు. ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత పైకి ప్రార్థన చేసింది. ఆ పిల్ల పేరు చెప్పింది, వాళ్ళమ్మ కళ్ళ కోసం అడిగింది. తనకోసం ఏమీ అడగలేదు. క్షమాపణ అడగాల్సింది ఆయన్ని కాదని ఆమెకి ఇప్పుడు తెలుసు.